గేటు నుంచి వరండా దాకా

"ఇకమీదట నా ఇంటికి వచ్చే ఏ సామాన్యుడి అరికాలూ కాలదు. ఇది వాగ్దానం కాదు, శాసనం!" అని మంత్రి వీరేష్ గారు పత్రికలవాళ్ల ముందు ప్రకటించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చేతుల్లో టీ గ్లాసుల ట్రే ఉండటం వల్ల చప్పట్లు కొట్టలేకపోయాను. ఆ లోటు పూడ్చుకోవడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నా పేరు అయ్యన్న. మంత్రిగారి గేటుకు ఎదురుగా రేకుల కింద టీ అంగడి నాది. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో గుర్తులేదు గానీ ఇద్దరిలో ఎవరికీ బాధ కలగలేదు. వీరేష్ గారు మోటార్‌సైకిల్ మీద తిరిగే రోజుల్లో వెనక జెండా పట్టుకుని కూర్చున్నది నేనే. తర్వాత ఆయనకు కారు వచ్చింది. కారుకు జెండా ముందే బిగించి ఉంటుంది కాబట్టి పట్టుకునే మనిషి అవసరం లేకపోయింది. కోపంతో చెప్పడం లేదు. కారు చేసినవాడి తెలివిని మెచ్చుకుంటున్నాను.

శాసనం ఎందుకు అవసరమైందో చెప్పాలి. మంత్రిగారి గేటు నుంచి వరండా దాకా ఒక బాట ఉంది. కడప బండలు పరిచిన బాట. నల్లగా, నున్నగా, మొహం చూసుకునేలా ఉంటుంది. శివరాత్రి దాటిందంటే దాని మీద దోసె వేసుకోవచ్చు. మంత్రిగారికి ఈ సంగతి తెలియదు. ఆయన కారు పక్క గేటులోంచి నేరుగా పోర్టికోలోకి పోతుంది.

జనం మాత్రం ఈ బాట మీదే పోవాలి. అదీ ఉత్త కాళ్లతో. చెప్పులు గేటు బయట, నా అంగడి రేకుల కింద విడుస్తారు. విడవమని ఎవరూ చెప్పలేదు. మంత్రిగారి నాన్న సర్పంచిగా ఉన్నప్పుడు జనం విడిచారు, ఇప్పుడూ విడుస్తున్నారు. గేటు కనబడితే చాలు, మనిషి కంటే ముందు కాలే చెప్పులోంచి బయటికి వచ్చేస్తుంది. "నేను ఏనాడూ విడవమనలేదప్పా. అది ప్రేమ" అని మంత్రిగారు కన్నీళ్లు పెట్టుకుని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఆ ప్రేమంతా నా అంగడి ముందు గుట్టగా పడి ఉంటుంది. కుక్కలు ఎత్తుకుపోకుండా చూసుకునే భాగ్యం నాది.

ఆ బాట వల్ల ఒక లాభం ఉండేది. మంత్రిగారు వరండాలో ఫ్యాను కింద కూర్చుంటారు. జనం మెట్ల కింద బండ మీద నిలబడి చెప్పుకోవాలి. ఒక వాక్యం చెప్పేసరికి కాళ్లు మాడతాయి. "సరే సామీ, మీ దయ" అని ఎగురుకుంటూ వెనక్కి వచ్చేస్తారు. అంత వేగంగా నడిచే ప్రజాదర్బారు రాష్ట్రంలో మరొకటి లేదని పేపర్లలో కూడా వచ్చింది.

ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన సుంకులమ్మ వల్ల ఈ వేగానికి దెబ్బ తగిలింది. ఆమెకు బోరు కింద వేరుశనగ ఉంది. పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కాయ ఊరే సమయం, తడి లేకపోతే పంట పోతుంది. ఆ మాట చెప్పుకోవడానికి వచ్చి, పీర్ల పండగలో గుండం తొక్కినట్టు ఎగురుకుంటూ పోతుంటే ఎవడో వీడియో తీశాడు. దానికి డప్పు వాయిద్యం తగిలించి ఊరూరా పంపించాడు. "మంత్రిగారింట్లో డ్యాన్సు ప్రోగ్రాం" అని ప్రతిపక్షం వాళ్లు సంబరపడ్డారు.

ఆ రోజు సుంకులమ్మ నా అంగడి బల్ల మీద కూర్చుని కాళ్ల మీద నీళ్లు పోసుకుంది.

"ఏమన్నాడమ్మా సారు?" అని అడిగాను.

"ఏమన్నాడో యాడ ఇన్యానప్పా? మా ట్రాన్స్‌ఫార్మరు అన్యా. అంతలోకే కాళ్లు బొబ్బలెక్కినాయి. ఆయప్ప తలూపినాడు, నేను ఎగిరినా."

తల ఊపడం అంటే మంత్రిగారి భాషలో చాలా పెద్ద హామీ. నేను ఆ మాట చెప్పి ధైర్యం ఇచ్చాను. ఆమె కుడి చేతి చూపుడు వేలు సగమే ఉంది. చొప్ప కోసే మిషన్‌లో పోయిందట. ఆ సగం వేలు నా వైపు చూపించి, "నువ్వు ఆయప్ప మనిషివేనా?" అంది.

"ఒకప్పుడు" అన్నాను.

శాసనం వచ్చిన మరునాడే బాటకు ఏ రాయి పరచాలో తేల్చే కమిటీ కూర్చుంది. మిట్టమధ్యాహ్నం పెరట్లో కడప బండ, బేతంచెర్ల బండ, గ్రానైట్, రాజస్థాన్ పాలరాయి, రంగురంగుల సిమెంటు ఇటుకలు వరసగా పరిచారు. ఇంజనీరమ్మ శివజ్యోతి వేడి కొలిచే మిషన్ తెచ్చి ఒక్కొక్క రాయికీ గురిపెట్టింది.

"సార్, కడప బండ బాగా కాలుతోంది. బేతంచెర్లది కొంచెం నయం. అయినా ఉత్త కాలికి రెండూ పనికిరావు" అంది.

"మిషన్ మాట ఏంటికమ్మా? మనకు ప్రజల మాట కావాల" అన్నారు మంత్రిగారు. "యాడప్పా మన చిన్న ఈరన్న?"

చిన్న ఈరన్న గురించి చెప్పకపోతే పాపం. వీరేష్ గారు గెలిచేదాకా చెప్పులు తొడగనని మొక్కుకున్న కార్యకర్త ఆయన. గెలిచాక, మంత్రి అయ్యేదాకా అన్నాడు. మంత్రి అయ్యాక, ఇంకేమిటి తొడిగేది అన్నాడు. ఆయన అరికాలు ఎద్దులబండి పట్టా లాంటిది. ముల్లు గుచ్చుకుంటే ముల్లే విరుగుతుంది. ఆ కాలును కమిటీ అధికారికంగా ప్రజల కాలుగా నియమించింది.

ఈరన్న కడప బండ ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎట్లుండాదప్పా?"

"సల్లగుండాదన్నా. ఏటి ఇసక మాదిరుండాది."

బేతంచెర్ల బండ ఎక్కాడు. "ఇదీ సల్లగుండాదన్నా."

గ్రానైటు ఎక్కాడు. "ఇది ఇంగా సల్లగుండాది. జలుబు చేస్తాదేమో అన్నా."

రాళ్లన్నీ పరీక్ష పాసైపోయాయి. అప్పుడు రాయిని రాజకీయంగా ఎంచుకోవలసి వచ్చింది. కడప బండ పూర్తిగా తీసేస్తే కడప జిల్లా నాయకులు నొచ్చుకుంటారు. బేతంచెర్ల బండ పరచకపోతే మన జిల్లావాళ్లు నొచ్చుకుంటారు. మంత్రిగారు బాగా ఆలోచించి ఒక నల్ల బండ, ఒక తెల్ల బండ చొప్పున పరిపించారు. జనం నల్ల బండ తగలకుండా తెల్ల బండ మీదికి, అక్కడి నుంచి ఇంకో తెల్ల బండ మీదికి దుమికారు. ముసలివాళ్లు కూడా తొక్కుడుబిళ్ల ఆడుతున్నట్టుగా దర్బారుకు రావడం చూసి నాకు ముచ్చటేసింది. ఆ వీడియో కూడా బయటికి పోయింది.

తర్వాత పాలరాయి వేశారు. ఎండ దాని మీద పడి తిరిగి మంత్రిగారి కళ్లలో పడేది. ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దర్బారుకు కూర్చున్నారు. కంటి ఆపరేషన్ అయిందేమోనని జనం టెంకాయ బొండాలు తెచ్చి పరామర్శించి వెళ్లారు. ఎవరి సమస్యా వాళ్లకు గుర్తు రాలేదు. పాలరాయిని అట్లాగే ఉంచుదామని మంత్రిగారి పీఏ జ్ఞానరాజు అన్నాడు గానీ, అద్దాలతో ఫోటోలు బాగా రావడం లేదని తీసేశారు.

ఆ తర్వాత పచ్చగడ్డి. వారానికి ఒకసారి మా వీధికి వచ్చే తాగునీళ్ల ట్యాంకరు రోజూ గడ్డికి వచ్చింది. మేం బిందెలు పట్టుకుని, గడ్డి ఆ నీళ్లు తాగడం చూశాం. అంత తాగీ అది ఎండిపోయింది. బయటి ఊరి నుంచి తెచ్చిన గడ్డి కదా, మా ఎండ దానికి అలవాటు లేదు.

అప్పుడే శివజ్యోతి ఒక తప్పు చేసింది. చిన్న పిల్ల, ఉద్యోగానికి కొత్త.

"సార్, ఒక మాట. వాళ్లను చెప్పులు వేసుకునే లోపలికి రమ్మంటే?"

వరండాలో చిన్న ఈరన్న రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. జ్ఞానరాజు ఆకాశం వైపు చూశాడు. మంత్రిగారు మాత్రం నవ్వారు.

"పాపా, నువ్వు చిన్నదానివి. విడవమని నేనెప్పుడన్నా అన్యానా? అది ప్రేమ. వాళ్ల ప్రేమకు అడ్డం పడే హక్కు నాకు యాడుండాది?"

ఆ వారమే ఆమెకు సముద్రం ఒడ్డు ఊరికి బదిలీ వచ్చింది. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుందనీ, ఆమె కాళ్ల సుఖం కోరి మంత్రిగారే దయతలిచారనీ జ్ఞానరాజు నాకు చెప్పాడు.

ఈ పరిశోధన జరుగుతుండగా సుంకులమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మొహం వెలిగిపోతోంది.

"వచ్చింది అయ్యన్నా! మా ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. లారీలో తెచ్చి దించినారు. ఊరంతా పోయి పసుపు పూసి, కుంకమ పెట్టి, టెంకాయ కొట్టినాం. నేనే పసుపు చెయ్యి ముద్రేసినా, ఇట్ల." గాలిలో చేయి ఆనించి చూపించింది.

"అయితే కరెంటు వచ్చిందన్నమాట."

"ల్యా. పొద్దున్నే మల్లా లారీ వచ్చింది. టెస్టింగు చెయ్యాలని ఎత్తకపోయినారు. టెస్టింగు అంటే ఏమప్పా?"

ఇది నా చదువుకు అందే విషయం కాదు. లోపలికి వెళ్లి జ్ఞానరాజును అడగమన్నాను. ఆ వేళకు గడ్డి కూడా పీకేసి ఉంది, ఉత్త మట్టి. ఆమె మట్టి మీదే నడిచి వెళ్లింది. నేనూ టీ తీసుకుని వెనకే వెళ్లాను.

"ఏం నాయినా, మా టెస్టింగు ఎప్పుడైతాది? చేను సగం ఎండిపాయ. డీజిలు ఇంజను ఉండే పక్క చేను ఆయప్ప కాళ్లు పట్టుకొని మిగతా సగం తడుపుతాండా."

"కొత్త వస్తువు పెద్దమ్మా" అన్నాడు జ్ఞానరాజు ఫోన్ చూస్తూ. "దానికి మన ఎండలు అలవాటు కావాల. సారు దగ్గరుండి చూసుకుంటాండాడు. సారు ఇప్పుడు మీ కాళ్ల గురించే ఆలోచన చేస్తాండాడు. ముందు కాళ్లు, తర్వాత చేను. కాళ్లు లేకపోతే చేనుకు ఎట్ల పోతావు?"

సుంకులమ్మ ఒకసారి తన కాళ్లు చూసుకుని వచ్చేసింది.

అంతకు ముందే, గడ్డి పీకిన రోజే, బెంగళూరు నుంచి ఒక కన్సల్టెంటు దిగాడు. తెల్ల రాయి పరిచి, దాని కింద సన్న పైపులు వేసి, పైపుల్లో చల్లనీళ్లు తిప్పితే ఏ ఎండకైనా రాయి చల్లగా ఉంటుందన్నాడు. నీళ్లు చల్లబరిచే యంత్రం ఒకటి పెరట్లో పెట్టాలి. "దానికి విడిగా కరెంటు కావాలి, పెద్ద లోడు" అన్నాడు. "దాని సంగతి నేను చూసుకుంటా" అన్నాడు జ్ఞానరాజు. చూసుకున్నాడు.

ప్రారంభోత్సవం రోజు ఎండ నిప్పులు చెరిగింది. బాట మొదట్లో 'ప్రజా శీతల పథం' అని ఆర్చి కట్టారు. మొదటి అడుగు ఎవరిదై ఉండాలి? వీడియోలో ఎగిరిన కాలిదే. సుంకులమ్మను కారు పంపి పిలిపించారు. చిన్న ఈరన్న పళ్లెంలో ఆమె కాళ్లు కడిగాడు. జ్ఞానరాజు చెవిలో చెప్పాడు: "సల్లగుండాది అని చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

ఆమె అడుగు పెట్టింది. ఆగింది. మొదటిసారి ఆ బాట మీద ఒక మనిషి నింపాదిగా నడవడం చూశాను. కెమెరాలు ఆమె మొహం వదిలేసి కాళ్ల వెంట పోయాయి. వరండా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సల్లగుండాది సామీ."

చప్పట్లు. నా చేతిలో మళ్లీ ట్రే.

అప్పుడామెకు ఏదో గుయ్యిమనే చప్పుడు వినబడినట్టుంది. వరండా పక్కన క్రోటన్ల కుండీల వెనక్కి తొంగిచూసింది. ఇంకో అడుగు వేసి చూసింది. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చుట్టూ కంచె, లోపల గద్దె మీద సరికొత్త ట్రాన్స్‌ఫార్మర్. పొట్ట మీద కుంకుమ బొట్టు, దాని కింద పసుపు చేయి ముద్ర. చూపుడు వేలు సగమే ఉంది.

సుంకులమ్మ తన చేతిని చూసుకుంది. తర్వాత మంత్రిగారి వైపు తిరిగింది. మైకులన్నీ ఆమె నోటి ముందున్నాయి. జ్ఞానరాజు కుండీలకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఈ సల్లదనం యాడ్నుంచి వస్తాంది సామీ?"

"ప్రజల నుంచే తల్లీ!" అన్నారు మంత్రిగారు రెండు చేతులూ ఎత్తి. "ఇదంతా మీదే! నాదేముండాది?"

"మాదేనా?"

"మీదే!"

"అట్లయితే మేం ఎప్పుడన్నా రావచ్చునా?"

"ఎప్పుడన్నా! ఎంతసేపైనా!"

అన్ని కెమెరాల్లోనూ ఎక్కింది. సుంకులమ్మ దండం పెట్టింది. మంత్రిగారికి కాదు, క్రోటన్ల వైపు.

మరునాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చి నా అంగడి ముందు ఆగింది. ఆలూరు పక్క పల్లె సగం దిగింది. చాపలు, బిందెలు, సంగటి కుండ, ఒక ఉయ్యాల, రెండు మేకపిల్లలు. చెప్పులు నా రేకుల కింద పద్ధతిగా విడిచారు. లోపలికి పోయి గేటు నుంచి వరండా దాకా బాట మీద పడుకున్నారు.

జ్ఞానరాజు పరుగున వచ్చాడు. "ఏమ్మా ఇది? ఏంటికి వచ్చినారు?"

"కరెంటు యాడుంటే మేమూ ఆడే నాయినా" అంది సుంకులమ్మ పక్కకు తిరిగి పడుకుంటూ. "మీ సారే గదా చెప్పినాడు, ఎంతసేపైనా అని. జరుగు కొంచెం, గాలి రాల్యా."

ఆ సంగతి తెలిసి మా వీధివాళ్లు కూడా మధ్యాహ్నం నిద్రకు అక్కడికే వచ్చారు. నా అంగడి బాగా నడిచింది. కానీ అసలు కష్టం దర్బారులో వచ్చింది. ఇప్పుడు ఎవరి కాళ్లూ కాలడం లేదు. మొదటి ఆయన పొలం గట్టు తగాదా చెప్పడం మొదలుపెట్టి, తాత కాలం నుంచి తన కాలానికి వచ్చేసరికి భోజనాల వేళ అయింది. రెండో ఆమె కూర్చునే చెప్పింది. అర్జీకి రెండో వాక్యం కూడా ఉంటుందని మంత్రిగారికి ఆ రోజే తెలిసింది.

సాయంత్రం టీ ఇవ్వడానికి వెళితే ఆయన తల పట్టుకుని ఉన్నారు.

"వీళ్లు ఎప్పుడు పోతారప్పా?"

"కరెంటు ఆపేద్దామా సార్?" అన్నాడు జ్ఞానరాజు.

"ఆపితే మల్లా ఎగురుతారు. మల్లా వీడియో. ఆయమ్మ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర రోజూ ఊదొత్తులు ముట్టిస్తాంది. పేపరోడు ఒగడు అదేందని అడిగినాడు. ఏం చెప్పల్ల?"

"భక్తి అని చెప్పినా సార్."

చిన్న ఈరన్న ఊరుకోలేక ముందుకొచ్చాడు. "అన్నా, బాట కొంచెం ఎక్కువే సల్లగుండాదన్నా" అన్నాడు. ఆ కాలు నిజం చెప్పడం అదే మొదటిసారి.

మూడో రోజు మంత్రిగారు మళ్లీ పత్రికలవాళ్లను పిలిచారు. "నా ఇంటి చల్లదనం నాకొద్దు. దాన్ని రైతన్నకు త్యాగం చేస్తున్నాను" అని ప్రకటించారు. లారీ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద మంత్రిగారి బొమ్మ అంటించారు. చేయి ముద్ర మీద అంటించాలని చూశారు గానీ పసుపుకు జిగురు పట్టలేదు. దాని వెనకే ట్రాక్టరు వెళ్లింది. మేకపిల్లలు కూడా వెళ్లిపోయాయి. సుంకులమ్మ చేలో ఎండిన సగం ఎండింది, ఉన్న సగానికి నీళ్లు పారాయి.

ఆపైన కమిటీ ఆఖరి నివేదిక ఇచ్చింది. మన వాతావరణానికి దేశవాళీ కడప బండే అన్నిటికంటే మేలని తేలింది. చాటుకు పేర్చి ఉంచిన పాత నల్ల బండలనే మళ్లీ పరిచారు. దర్బారు వేగం పుంజుకుంది. అర్జీలు మళ్లీ ఒక వాక్యానికి దిగాయి. కొత్తగా వచ్చింది ఒక్కటే. గేటు పక్కన ఇత్తడి బోర్డు: 'చెప్పులు బయటనే విడువవలెను. ఆజ్ఞ ప్రకారం.'

ఆ బోర్డు నాకు నచ్చింది. అక్షరాలు పెద్దవి, ఏడో తరగతి చాలు.

అకాల వాన ఒకటి పడి వెలిసిన మరునాడు, ఎండ మళ్లీ మండుతుండగా, అదే ట్రాక్టరు వచ్చి ఆగింది. ఈసారి నిండా తడిసిన వేరుశనగ కాయల గోతాలు. సుంకులమ్మ దిగి బోర్డు వైపు చూసింది.

"ఏమని రాసినారప్పా ఈడ?"

చదివి వినిపించాను.

"అంతేనా? ఇంకేం రాయలేదా?"

"అంతే."

"చెనిక్కాయలకు చెప్పులు యాడుంటాయప్పా?" అని, తన చెప్పులు మాత్రం విడిచి, వెనక్కి తిరిగి కేకేసింది. "దించండి అబ్బయ్యా! బిన్న దించండి!"

గోతాలు విప్పి నల్ల బండల మీద గుమ్మరించారు. గేటు నుంచి వరండా దాకా కాయలు పరుచుకున్నాయి. ఆడవాళ్లు పక్కన మట్టిలో నిలబడి కట్టెలతో ఎగదోశారు. బండ మీద కాయ ఉస్సుమని ఆవిరి వదిలింది. కాలు పెట్టడానికి చోటు లేక అర్జీల జనమంతా గేటు బయటే నిలబడి వేడుక చూస్తున్నారు. వరండాలోకి వచ్చిన మంత్రిగారు మెట్టు దిగబోయి ఆగిపోయారు.

"మా కళ్లమంతా బురద సామీ" అని ఆమె దూరం నుంచే కేకేసి చెప్పింది. "మీ బండ మాదిరి కాలే బండ జిల్లాలో ల్యా. ఈడయితే బాగా ఆరతాయి!"

"ఎన్ని దినాలమ్మా ఇది?" అని జ్ఞానరాజు గొంతు పగిలేలా అరిచాడు.

"ఎంతసేపైనా అన్నాడు గదా నాయినా!"

నేను బోర్డు కింద ఆమె చెప్పులను జతగా సర్ది పెట్టాను. ప్రేమతోనే.